రెండు మీటర్ల చలి

గుజరాతీ గల్లీల నా దుకాణం,
ఇద్దరు గిరాకీలొస్తే ఒకలు బయట నిలబడాలె.
ఆ పొద్దు కాశీనాథం సారు
పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చిండు
ఒక మఖ్మల్ సంచి.
అండ్ల రెండు మీటర్ల వైరు.

మైనస్ నూట తొంభై ఆరు, అన్నడు
గొంతు తగ్గించి, ఆస్తి లెక్క చెప్పినట్టు.
అంత చలిల మూడు దినాలు ముంచి తీసిన రాగి.
లోపలి అణువులన్నీ వరుసల నిలబడ్డయట,
రేషన్ దుకాణం కాడ కూడ ఎవరూ నిలబడనంత బుద్ధిగ.
మీద బాణం గుర్తు. పాట ఇటు నుంచి అటే పోవాలెనట,
కోఠి చౌరస్తల వన్‌వే లెక్క.
ధర చెప్పలే.
సంచికున్న చిట్టీ నేనే చూసిన:
నా దుకాణానికి అయిదు నెల్ల కిరాయి.

ఐతారం, బర్కత్‌పురల ఆయన మేడ మీది అర్ర.
కిటికీలకు దుప్పట్లు, గోడలకు గుడ్ల అట్టలు.
కరెంటాఫీసుల ముప్పై ఏండ్లు
ఊరందరి మీటర్లు లెక్కగట్టిన మనిషి
ఇప్పుడు ఒక్క తీగ, మీటినంక
ఎంతసేపు వణుకుతదో లెక్కగడ్తున్నడు.

నేను పెట్టెల ఎనుక, పరదా సాటుకు.
ఒక చేతిల ఆయన చలి వైరు,
ఒక చేతిల నా ఎర్ర నల్ల వైరు,
మీటరుకు నలభై, బేరమాడితే ముప్పై అయిదు.
మార్చిన. మార్చలే. బాణం తిప్పి పెట్టిన. మార్చిన.
ప్రతిసారి అదే వీణ ముక్క.
సారు కండ్లు మూసుకొని
"ఇది... ఉహు, ఇది కాదు... ఆ, ఇదే."
చిట్టీ మీద గీతలు గీస్కుంట పోయిన.
పన్నెండు సార్లకు ఆరు.
రూపాయి బిళ్ళ ఎగరేసినా గంతే.

ఏడోసారి నేను ఏ వైరూ ముట్టలే.
మోకాలు తిమ్మిరెక్కితే సర్దుకున్న, అంతే.
ఆ సప్పుడుకు సారు ముందుకు వంగి
"ఆహా! గోరు తీగను ముట్టే ముందటి గాలి
ఇనవడ్తుంది సూడు" అన్నడు.
ఆయన కండ్లల్ల నీళ్ళు.

ఇంకొక మాట ఇప్పటిదాంక ఎవరికీ చెప్పలే.
ఆ పెట్టె లోపల, కోన్ ఎనుక,
పోయినేడు నేనే టంకం పెట్టిన జానెడు వైరు,
పన్నెండు రూపాయలది.
ఎంత సల్లటి రాగిల తానమాడి వచ్చిన పాటైనా
ఆఖరికి ఆ జానెడు సందుల నుంచే
ఒంగి బయటికి రావాలె.

"ఎన్ని?" అన్నడు, దుప్పట్లు తీస్కుంట.
చిట్టీ జేబుల ఉంది.
"మస్తు పట్టిండ్రు సార్."
మస్తు అంటే అంకె కాదు గద.
సంబురంల ఛాయ్ల చక్కెర మరిచిండు.
అది కూడ చెప్పలే నేను.

గక్కడ ఖతమైతే బాగుండు.
రాంనగర్ చేపల మార్కెట్ల మా దోస్తు గఫార్‌కు
పెద్ద ఫ్రీజర్ ఉంది. మైనస్ పద్దెనిమిది.
వానితోని చెప్పి నవ్వుకుందామని పోయి
నాలుగు గజాల వైరు కొరమీన్ల కింద పెట్టొచ్చిన.
రెండు రాత్రులు. ఎందుకో నాకే తెల్వది.
మల్టీమీటర్ తప్ప దేన్నీ నమ్మనోన్ని,
బీప్ కొడితే ఉన్నట్టు, కొట్టకుంటే లేనట్టు,
ఇరవై రెండేండ్ల సంది అంతే.

మంగళారం, రాత్రి పదకొండు.
నా పాత పెట్టెలకు కట్టిన. పాట పెట్టిన.
ఒట్టేసి చెప్తున్న,
ఒక్క ఊపిరి బిగబట్టినంత సేపు
పాడే ఆమె పెదవులు తడుపుకున్నది ఇనవడ్డది.
వైరు తీసి మామూలుది పెట్టిన: లేదు.
మల్ల సల్లది పెట్టిన: లేదు.
మల్ల

సుగుణ నిద్రల లేచొచ్చి గడప కాడ నిలబడ్డది.
"ఏమన్న తేడ కొడ్తుందా?" అన్న, మెల్లగ,
కాశీనాథం సారు గొంతుతోని.
కండ్లు మూసింది. శానసేపు.
"ఉన్నది" అన్నది.
"చేపల వాసన."